నీళ్ళలో మునిగిన జాడీ

"ఏమిటే అమ్మాయ్, జాడీని తీసుకెళ్ళి నీళ్ళలో ముంచుతున్నావ్! మతి గాని పోయిందా?"

పొయ్యి పక్కన నిలబడి మా అమ్మ అన్న మాట. మేముండేది అమెరికాలో, ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్‌లో. జులై నెల. పెద్ద డేగిసాలో నీళ్ళు కుతకుతలాడుతుంటే, జామ్ నింపిన గాజు సీసాల్ని పటకారుతో ఒక్కొక్కటే అందులోకి దించుతున్నాను. నూజివీడులో నలభై ఏళ్ళు ఏటేటా ఆవకాయ పెట్టిన మనిషికి అది చూస్తే ఎలా ఉంటుంది? మా ఇంట్లో ఆవకాయ రోజున మామిడికాయల్ని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెడితే గానీ కత్తి దగ్గరికి రానిచ్చేవారు కాదు. తడిచేత్తో ఆ ఛాయలకి వెళ్తే తిట్లే. జాడీలో గరిటె పెట్టేముందు దాన్ని కొంగుతో ఓసారి తుడవడం అమ్మకి ఇప్పటికీ పోని అలవాటు. అలాంటిది, నిలవ పెట్టాల్సిన సరుకుని కూతురు నిలువునా ముంచేసింది.

"తడి లోపలికి పోదులే అమ్మా, మూత ఉందిగా."

"మూతల సంగతి నాకు చెప్పకు" అంది.

అమ్మని అనడానికేముంది, ఈ ఊరొచ్చిన కొత్తలో నేనూ ఇలాగే నోరెళ్ళబెట్టాను. ఇక్కడికి అరగంట దూరంలో, కొలంబియా నదిలో సావీ ఐలండ్ అని పెద్ద లంక ఉంది. వేసవి వస్తే అక్కడి తోటల్లో ఎవరి పళ్ళు వాళ్ళే కోసుకుని, తూకం వేయించుకుని డబ్బు కట్టి తెచ్చుకోవచ్చు. హిల్స్‌బరోలో చిప్పుల కంపెనీ ఉద్యోగాలకి వచ్చిన మన తెలుగువాళ్ళం శని, ఆదివారాల్లో పిల్లల్నేసుకుని అక్కడే తేలుతాం. చెట్టు నుంచి కోసుకోవడం చిన్నప్పటి సరదా కదా, చెయ్యి ఆగదు. మొదటి ఏడు మూడు ఫ్లాట్లు కోశాం. ఫ్లాట్ అంటే పన్నెండు చిన్న బుట్టలు పట్టే అట్ట ట్రే. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద పరిచాక గానీ అసలు ప్రశ్న తట్టలేదు: ఇన్ని పళ్ళు ఏం చేసుకోవాలి?

ఎందుకంటే బెర్రీ మనకోసం ఆగదు. ఇక్కడ జూన్‌లో 'హుడ్' అని ఒక స్ట్రాబెర్రీ వస్తుంది. 1965లో విడుదలైన రకం. ఉండేది మూడు వారాలే. కోస్తే గుండెదాకా ఎరుపు, కొరికితే మణికట్టు దాకా రసం. కానీ పొద్దున కోసింది సాయంత్రానికి చెమరుస్తుంది, మర్నాటికి అడుగున బూజు కనిపిస్తుంది. లారీ ఎక్కించి ఇంకో రాష్ట్రానికి పంపడమన్న మాటే లేదు. ఏడాది పొడుగునా దుకాణాల్లో దొరికే కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ బంగినపల్లి లాంటిదైతే, ఇది మా నూజివీడు చిన్నరసం: ఊరు దాటితే నలుగుతుంది, ఊళ్ళో ఉన్నవాళ్ళే అదృష్టవంతులు.

జూన్ చివర్లో రాస్ప్‌బెర్రీ, జులైలో బ్లూబెర్రీ, ఆ వెనకే ఆరెగన్ వాళ్ళు తమ ఇంటి ఆడపడుచులా చెప్పుకునే మేరియన్‌బెర్రీ. మారుటేరులో స్వర్ణ వరి పుట్టినట్టు ఇది ఇక్కడి ప్రభుత్వ పరిశోధనలో పుట్టిన పండు. జార్జ్ వాల్డో అనే శాస్త్రవేత్త చెహాలెమ్, ఒలాలీ అనే రెండు బ్లాక్‌బెర్రీ రకాల్ని కలిపాడు. మేరియన్ కౌంటీ పొలాల్లో పరీక్షించి, 1956లో ఆ కౌంటీ పేరుతోనే రైతులకి విడుదల చేశారు. నల్లద్రాక్షకి నేరేడు వగరు తగిలిస్తే ఎలా ఉంటుందో దాని రుచి దాదాపు అలా ఉంటుంది. ఇదీ నలిగే పండే.

ఆ మూడు ఫ్లాట్ల పళ్ళతో నేను దిక్కులు చూస్తుంటే ఆదుకుంది పక్కింటి పెద్దావిడ. డెబ్బై దాటింది, ఒక్కతే ఉంటుంది. వాళ్ళ గరాజులో కారు పక్కన అల్మారా నిండా సీసాలు, ఒక్కోదాని మీద పండు పేరు, ఏడాది. మా అమ్మమ్మ అటక గుర్తొచ్చింది నాకు. సీసాలు ఎలా దించాలో, ఎలా తియ్యాలో ఆవిడే పక్కన నిలబడి నేర్పింది. ఒక్క విషయంలో మాత్రం మహా చాదస్తం. కొలతలూ నిమిషాలూ ప్రభుత్వ వ్యవసాయ శాఖ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, సొంత తెలివి కూడదు అనేది. చెయ్యి తిరిగిన వంటగత్తెకి పుస్తకమెందుకో అనుకున్నాను. ఎందుకో తర్వాత తెలిసింది.

ఈ పద్ధతి కనిపెట్టింది ఫ్రాన్స్‌లో నికొలా అపేర్ అనే మిఠాయిల వ్యాపారి. ఆహారాన్ని సీసాలో పెట్టి బిగించి, సీసాతో సహా నీళ్ళలో మరిగిస్తే చెడిపోదని చూపించినందుకు 1810లో ప్రభుత్వం అతనికి పన్నెండు వేల ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. ఎందుకు చెడిపోదో అతనికీ తెలీదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. 1858లో జాన్ మేసన్ అనే అమెరికన్ మరచుట్లున్న గాజు సీసాకి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటికీ ఇక్కడ వాటిని మేసన్ జార్లనే అంటారు. మూత రెండు ముక్కలుగా వస్తుంది: అంచుకి రబ్బరు పూత ఉన్న రేకుబిళ్ళ ఒకటి, దాన్ని పట్టి ఉంచే మరచుట్టు ఒకటి. మరచుట్టుని ఎన్నిసార్లయినా వాడొచ్చు. రేకుబిళ్ళ మాత్రం ఒక్కసారికే.

నీళ్ళలో మరుగుతున్నప్పుడు సీసా లోపలి బూజు, ఈస్టు చస్తాయి. పైన మిగిలిన జాగాలోని గాలి వేడికి వ్యాకోచించి మూత సందులోంచి బుడగలుగా బయటికి పోతుంది. అందుకే మరచుట్టుని బలం కొద్దీ తిప్పకూడదు, వేళ్ళ కొసలతో ఆగినంతవరకే. సీసాని బయటికి తీశాక లోపల చల్లబడి ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి రేకుబిళ్ళని లోపలికి నొక్కేస్తుంది. అప్పుడు "టిక్"మని చిన్న చప్పుడు.

ఇదంతా అమ్మకి చెప్తే కాసేపు ఆలోచించి, "ఆవకాయ మీద వేలెడు నూనె తేలాలంటాం, అందుకేగా! ఆ నూనె చేసే పనే ఈ రేకు చేస్తోంది" అంది. నిజమే. ఇన్నేళ్ళుగా చేస్తున్నా నాకు తట్టలేదు.

పోలిక అక్కడితో సరి. ఆవకాయని కాపాడేవి ఉప్పు, పులుపు, కారం, ఆవపిండి, నూనె. అవన్నీ ఉన్నాయి కాబట్టే జాడీని రోజూ తెరిచినా తట్టుకుంటుంది, తడి గరిటె ఒక్కటే దానికి గండం. సీసాలో పండుకి అంత బలగం లేదు. మూత ఊడేదాకానే దాని ధైర్యం. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలి. అందుకే మన జాడీ సంసారం మొత్తానికి ఒకటి, వీళ్ళ సీసా పావు లీటరుది.

పుస్తకం అన్నాను కదా. దాని వెనకున్న భయం పేరు బొటులిజం. మట్టిలో ఉండే క్లాస్ట్రిడియం బొటులైనమ్ అనే బాక్టీరియా విత్తనాలు మరిగే నీళ్ళకి చావవు. గాలి లేని చోటే వాటికి ఇష్టం, అంటే మనం కష్టపడి మూత బిగించిన సీసా వాటికి పుట్టిల్లు. అక్కడ అవి చేసే విషం నరాలని పట్టేస్తుంది. రంగు, వాసన, రుచి ఏవీ మారకపోయినా అది ఉండొచ్చు. పులుపుకి మాత్రం అవి లొంగుతాయి. ఆమ్లత్వం కొలిచే పీహెచ్ అంకె 4.6కి మించకుండా ఉంటే తలెత్తలేవు. ఈ అంకె ఎంత తక్కువైతే అంత పులుపు. మనం కోసుకొచ్చే బెర్రీలు దాదాపు అన్నీ మూడు, నాలుగు మధ్యలో ఉంటాయి, కనుక వాటికి మరిగే నీళ్ళు చాలు. పులుపు లేని కూరగాయలకి చాలవు. 2015లో ఒహాయో రాష్ట్రంలో ఒక చర్చి విందులో ఇంట్లో సీసాల్లో పెట్టిన బంగాళాదుంపలతో చేసిన సలాడ్ తిని 29 మంది ఈ జబ్బున పడ్డారు, ఒకరు చనిపోయారు. ఆ దుంపల్ని పెట్టింది మరిగే నీళ్ళ పద్ధతిలోనే. వాటికి ప్రెషర్ కానర్ అనే ప్రత్యేకమైన పాత్రలో 116 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి. మన కుక్కర్ విజిల్ వేస్తుంది కదా అని దాన్ని వాడకండి. అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, పుస్తకంలో నిమిషాలు దానికి పట్టవు.

ఇంత వివరంగా ఎందుకంటే, ఇక్కడి మన ఆడవాళ్ళు జామ్ సీసాలు పెట్టడం నేర్చుకోగానే చూపు గోంగూర మీదికి పోతుంది. నా చూపూ పోయింది. నాలుగు కట్టలు వేయించి, వెల్లుల్లి తగిలించి, నూనె పోసి, సీసాల్లో మరిగించి ఏడాదంతా తినొచ్చని ప్లాను. ఆరెగన్ స్టేట్ యూనివర్సిటీ విస్తరణ విభాగం వాళ్ళు సీజన్లో ఇలాంటి సందేహాలకి ఫోన్లో జవాబులు చెప్తారు. అడిగితే, పరీక్షించిన కొలత లేని వంటకం దేన్నీ సీసాలో పెట్టొద్దు, నూనెలో వెల్లుల్లి అయితే అసలే వద్దు అన్నారు. గోంగూర పుల్లగానే ఉంటుందిగా అని వాదించాను. ఎంత పులుపో కొలిచారా అని అడిగారు. అప్పట్నుంచీ మా గోంగూర ఫ్రీజర్లోనే. పండు మామిడిదీ అదే సంగతి. వాళ్ళ పుస్తకంలో ముక్కలుగా సీసాకెక్కేది పచ్చి మామిడే.

ఇక జామ్. నాలుగు కప్పుల మెదిపిన స్ట్రాబెర్రీకి నాలుగు కప్పుల పంచదార, అంతే. పళ్ళు కడిగి, తొడిమలు తీసి, కొద్దికొద్దిగా వెడల్పు గిన్నెలో పప్పుగుత్తితో మెదపాలి. మిక్సీలో వేస్తే గుజ్జు కాదు, నీళ్ళవుతుంది. పళ్ళలో మూడొంతులు బాగా పండినవి, ఒక వంతు కాస్త దోరవి ఉండాలి. జామ్ గట్టిపడేది పెక్టిన్ అనే జిగురు వల్ల, అది దోర పండులో ఎక్కువ. బజారులో దొరికే పెక్టిన్ పొడి ఆపిల్, నారింజ జాతి తొక్కల నుంచి తీసేదే. ఎముకల నుంచి తీసే జెలటిన్ వేరు, శాకాహారులు బెంగ పెట్టుకోనక్కర్లేదు.

సన్నసెగన పంచదార కరిగాక మంట పెంచి, కలుపుతూనే ఉండాలి. ముందు గులాబీరంగు నురుగు గిన్నె అంచుదాకా పొంగుతుంది. కాసేపటికి పొంగు అణిగి, బుడగలు చిన్నవి పెద్దవవుతాయి, చప్పుడు కూడా మారుతుంది, గలగలలు పోయి తపతపమంటుంది. రంగు లేత ఎరుపు నుంచి తిలకం రంగుకి దిగుతుంది. ఇక్కడివాళ్ళు థర్మామీటరు పెట్టి చూస్తారు, 104, 105 డిగ్రీలు రావాలి. లేకపోతే ముందుగా ఫ్రీజర్లో పెట్టిన సాసర్లో చుక్క వేసి, నిమిషం ఆగి, వేలితో తోస్తారు. పైన ముడత పడితే అయినట్టు. అమ్మ ఇదొక్కటి చూసి సంబరపడింది. అరిసెల పాకం నీళ్ళపళ్ళెంలో వేసి ఉండ కట్టి చూసిన చెయ్యి కదా. మూడోసారికి సాసరు అడక్కుండానే, గరిటె నుంచి జారే తీరు చూసి "దించెయ్" అంది. సాసర్లో వేసి చూశాను, ముడత పడింది.

నేను నేర్చుకున్నది మాత్రం చెడగొట్టుకునే. మొదటి ఏడు, వంద కాయల ఆవకాయ చూసిన వంశం కదా, నాలుగు కప్పులేమిటి నా మొహం అని పన్నెండు కప్పులు ఒకేసారి పొయ్యెక్కించాను. రాత్రి పదకొండయినా గట్టిపడదు. అంత మోతాదులో నీరు ఇగరడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపంతా ఉడికి ఉడికి పెక్టిన్ విరిగిపోతుంది. చివరికి మిగిలింది చిక్కటి ఎర్ర పాకం. ఆ ఏడాదంతా పిల్లలు దాన్ని దోసెల మీద పోసుకు తిన్నారు, మళ్ళీ అలాగే చెయ్యమని ఇప్పటికీ అడుగుతారు. ఇంకో ఏడు వేడి సీసాని తీసి చల్లటి గ్రానైటు బండ మీద పెట్టాను. సీసా చేతిలోనే ఉంది, అడుగు మాత్రం చక్రంలా ఊడి జామ్‌తో సహా బండ మీద నిలబడింది. అప్పట్నుంచీ బండ మీద తువ్వాలు మడిచి వేస్తున్నాను.

జామ్ సీసాలో పైన పావు అంగుళం ఖాళీ వదలాలి. అంచు శుభ్రంగా తుడవాలి, ఒక్క గింజ అడ్డుపడినా మూత పట్టదు. సీసాల మీద అంగుళం ఎత్తున నీళ్ళుండాలి. మళ్ళీ మరగడం మొదలైనప్పట్నుంచి పది నిమిషాలు. మా ఊరు పల్లంలో ఉంది కాబట్టి పది. వెయ్యి అడుగుల ఎత్తు దాటితే నీళ్ళు ఇంకా తక్కువ వేడికే మరుగుతాయి, కనుక మరో అయిదు నిమిషాలు కలపాలి. విజయవాడలో చేసేవాళ్ళకి మా లెక్కే. హైదరాబాదు పదిహేడు వందల అడుగుల పైనే ఉంది, అక్కడ పదిహేను. వేడి జామ్ పోసి సీసాని తలకిందులుగా పెడితే చాలని, పైన మైనం పోస్తే చాలని చెప్పేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. పాత రోజుల పద్ధతులవి, బూజు పడుతుంది, వదిలెయ్యండి.

అన్నీ సీసాకెక్కించాలని పట్టు పట్టకూడదు. స్ట్రాబెర్రీని ముక్కలుగా సీసాలో పెడితే రంగు వెలిసి, గుడ్డపేలికలా తేలుతుంది. దానికి జామ్ లేదా ఫ్రీజరు. బ్లూబెర్రీకి నా ఓటు ఎప్పుడూ ఫ్రీజరుకే. ఆ పండు మీద బూడిద గుమ్మడికాయకి ఉన్నట్టు తెల్లటి పూత ఉంటుంది. దాన్ని కడిగేసి గడ్డకట్టిస్తే తొక్క గట్టిపడి బంకలా సాగుతుంది. పుల్లా ఆకూ ఏరి, కడక్కుండానే ట్రేలో ఒకే వరసగా పరిచి, గోళీల్లా గట్టిపడ్డాక సంచిలోకి ఎత్తితే దేనికది విడిగా ఉంటుంది. వాడేముందు కడుక్కోవచ్చు. కడక్కుండా లోపల పెట్టడమా అని అమ్మ మొహం చిట్లించింది. రాస్ప్‌బెర్రీ దగ్గర ఇంకా ఇబ్బంది పడింది. 2009లో ఈ రాష్ట్రానికి చేరిన ఒక రకం సన్న ఈగ, పండుతున్న కాయలోనే గుడ్లు పెడుతుంది. సీజను చివరి పళ్ళని కాసేపు ఉప్పునీళ్ళలో వేస్తే తెల్లటి పురుగులు తేలతాయి. అది చూశాక అమ్మ జులై దాటిన రాస్ప్‌బెర్రీ ముట్టలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

ఫ్రీజరు దేన్నీ చంపదు, నిద్రపుచ్చుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర చెడగొట్టే పనులన్నీ నెమ్మదిస్తాయి. నెమ్మదిగా గడ్డకడితే మాత్రం పండులోని నీళ్ళు పెద్ద పెద్ద మంచుపలుకులై కణాల గోడల్ని చీలుస్తాయి, కరిగాక అంతా చితుకు. అందుకే ఫ్రీజరు నిండా ఒకేరోజు కుక్కకూడదు, ఘనపుటడుగుకి ఓ కిలో పళ్ళు చాలు. ఎంత జాగ్రత్తపడ్డా కరిగిన పండు తాజా పండు కాదు. సగం గడ్డగా ఉండగానే పెరుగులో వేసుకుంటే ఆ లోపం తెలీదు.

2024 జనవరిలో మంచుతుపాను వచ్చి పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల కరెంటు పోయింది. నిండు ఫ్రీజరు తలుపు తియ్యకపోతే రెండు రోజులు ఆగుతుంది, సగమే నిండితే ఒక రోజు. నేను తలుపుకి టేపు అంటించి కూర్చున్నాను. గరాజులో సీసాలకి మాత్రం ఏ బెంగా లేదు. కరెంటు పోయే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు చలికాలంలో లంబసింగి స్ట్రాబెర్రీ వస్తోంది కదా, నాలుగు కప్పుల లెక్క దానికీ సరిపోతుంది. లంబసింగి కొండమీదే చేస్తే నిమిషాలు మాత్రం కలుపుకోండి. నేరేడు జామ్‌కి పరీక్షించిన కొలత నాకు కనబడలేదు, కనుక గింజ తీసి గుజ్జు ఫ్రీజర్లో పెట్టమనే అంటాను. ఇంత చేస్తే డబ్బు మిగులుతుందా అంటే, మిగలదు. సీసాలు, పంచదార, పెట్రోలు లెక్కేస్తే బజారు జామే చవక. కానీ హుడ్ జామ్ ఆ బజారులో దొరకదు.

ఆ జులై రాత్రి సీసాలు పన్నెండూ బల్ల మీద తువ్వాలు పరిచి వరసగా పెట్టాం. మర్నాటిదాకా కదపకూడదు. నేను గిన్నెలు తోముతుంటే అమ్మ కుర్చీ లాక్కుని వాటి ఎదురుగా కూర్చుంది. టిక్. "ఒకటి" అంది. కాసేపటికి రెండు వెంటవెంటనే. నేను పడుకోబోయేసరికి ఎనిమిది దాకా వచ్చింది లెక్క. "రావే అమ్మా, అవి పారిపోవు" అంటే, "నువ్వు పడుకో" అంది.

పొద్దున లేచేసరికి పదకొండు సీసాల మరచుట్లు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. పన్నెండోది విడిగా ఉంది. మూత మధ్యలో వేలితో నొక్కి చూపించింది, డబ్బా రేకులా లోపలికీ పైకీ ఆడింది. "ఇది పలకలేదు" అంది. ఇలాంటిది ఫ్రిజ్‌లో పెట్టాలని చెప్పబోయాను. అప్పటికే మూత తీసి, స్పూను కొంగుతో తుడుస్తోంది. "పెనం పెట్టు, దోసెలు పోస్తాను."